నాలుగో డబ్బా

మహబూబ్‌నగర్,
7 మే 1961

సీతారాములు బావకు,

వెంకటరాజం రాసేది. నేను బాగానే ఉన్నాను, పాలమూరు ఎండ నాకంటే బాగా ఉంది. బడికి సెలవులు కాబట్టి పొద్దుటి నుంచి గ్రంథాలయంలో కూర్చుని పాత పేపర్లు తిరగేస్తున్నాను. పోయిన నెల రష్యావాడొకడు ఆకాశనౌకలో భూమి చుట్టూ తిరిగి నూట ఎనిమిది నిమిషాల్లో కిందికొచ్చాడని మీ గట్టుప్పలలో తెలిసిందో లేదో. నువ్వు బస్సెక్కి కల్వకుర్తి దాకా రావడానికి అంతకు రెండింతలు పడుతుంది.

సెలవులకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను పాఠం చెప్పనివ్వలేదు. "సార్, గాయనకు మీద ఊపిరెట్ల ఆడింది? మబ్బు దాటినంక ఏముంటది సార్?" అని ఒకటే ప్రశ్నలు. తెలిసిందంతా చెప్పాను, తెలియనిది కూడా కొంత చెప్పాను. అప్పుడే నాకొక ఆలోచన తట్టింది. వచ్చే జనవరిలో జిల్లా విజ్ఞాన ప్రదర్శన ఉంది. మాస్టర్లందరూ అట్టతో రాకెట్టు చేసి రంగుకాగితం అంటిస్తారు. నేను రాకెట్టు చెయ్యను. అందులో కూర్చున్న మనిషి ఒంటికి ఏమవుతుందో చూపిస్తాను.

గాలి పొర దాటాక ఆకాశంలో ఒక రకం కిరణాలుంటాయి బావా. వాసన ఉండదు, రంగు ఉండదు, తగిలినట్టు కూడా తెలియదు. ఎక్స్‌రే వెలుగుకు అన్నదమ్ముల్లాంటివి. అది బయటి ప్రమాదం. లోపలిది ఇంకొకటి. రాకెట్టు ఇంధనంలో మీ తేజాబు లాంటి ఆమ్లమే వాడతారట. మూసిన డబ్బాలో మనిషి, కిటికీ తెరిచే వీలు లేదు, ఎక్కడో చిన్న పగులు నుంచి ఎర్రటి పొగ వస్తే ఆ పొగే పీల్చాలి. నీ ఇంటి వెనక పాకలో ఎండాకాలం రంగు కలిపేటప్పుడు లేస్తుందే, అచ్చం ఆ పొగే.

అందుకని మూడు డబ్బాలు, డబ్బాకు మూడేసి తెల్ల ఎలుకలు. ఒకదానికి ఎక్స్‌రే, ఒకదానికి పొగ, ఒకదానికి ఏదీ లేదు. మా వీధి చివర దవాఖాన పెట్టిన డాక్టర్ బాలస్వామి కొత్తగా ఎక్స్‌రే మిషను తెచ్చాడు. ఆదివారాలు వాడుకోమన్నాడు. పొగకు కావలసిన సరుకు నువ్వు పంపాలి, ఎలా కలపాలో రాసి పంపాలి.

ఇంకో మాట. పోయినసారి వచ్చినప్పుడు నీ చేతులు చూశాను. అన్నం కలుపుతుంటే కళ్ళు తిప్పుకున్నాను, అక్క గమనించింది. పట్నాల్లో అలాంటి చేతులకు ఎక్స్‌రే వెలుగు పెట్టి నయం చేస్తున్నారని బాలస్వామి అంటున్నాడు. రా. నా మాట విను.

నీ బామ్మర్ది,
వెంకటరాజం


గట్టుప్పల,
2 జూన్ 1961

చిరంజీవి వెంకటరాజానికి,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. "మా తమ్మునికి ఎలుకల మీదున్న ప్రేమ గింత పెండ్లి మీద ఉంటే ఇప్పటికి ఇద్దరు పిల్లలు" అన్నది. ఆ మాట నేను రాయనంటే, రాసేదాకా ఇక్కడి నుంచి కదలనని కూర్చున్నది. రాశాను.

చేతుల సంగతి నీ ముందు దాచేదేముంది. వేళ్ళ సందులన్నీ పగిలాయి. నూలు ఆ పగుళ్ళలో చిక్కుకుంటుంది. మొన్న తెల్లనూలు మీద నెత్తురు మరక పడితే నేత సొసైటీ నడిపే భిక్షం ఆ కట్ట పక్కన పెట్టేశాడు. దురదకు నిద్ర లేదు. తొడుగులు వేసుకోమని అందరూ అంటారు. మా ఇంట్లో రంగుకు మొదటి ముంచు ఒట్టి చేత్తోనే వెయ్యాలి. మా నాయిన నా చెయ్యి పట్టుకుని రంగునీళ్ళ గోలెంలో పెట్టి, "కట్టెకేం ఎరుక బిడ్డా, నీళ్ళు మెత్తగున్నయా గరుకుగున్నయా? చెయ్యికే ఎరుక" అనేవాడు. ఆ ఎరుపు మా గోలెంలోనే వస్తుందని నల్లగొండ బజారు దాకా పేరు. ఆ పేరంతా ఈ పది వేళ్ళది.

తేజాబు సీసా, అందులో కలిపే తెల్లపొడి తెస్తాను. పంపను, నేనే తెస్తాను, బస్సులో వేరేవాళ్ళ చేతికిస్తే ఎవరిదో ధోవతి కాలుతుంది. ఐసు లేకుండా కలిపితే పొగ ఎక్కువ లేస్తుంది. మేము పొగ లేవకూడదని నల్లగొండ నుంచి పొట్టులో చుట్టి ఐసు తెప్పించుకుంటాం, నువ్వు పొగ కోసమే కలుపుతానంటున్నావు. చదువుకున్నవాళ్ళ పనులు.

ఒక సందేహం వచ్చింది, రంగువాడి సందేహం. మేము ఎరుపు ఎట్లా తెస్తామో నీకు తెలుసు. నూలును ముందు నాఫ్తాలు నీళ్ళలో ముంచుతాం. ఎరుపు కాదు కదా, ఎరుపు జాడ కూడా ఉండదు. తేజాబు, తెల్లపొడి వేసి కలిపిన బేసు నీళ్ళు వేరే గోలెంలో ఉంటాయి. అవీ ఎరుపు కావు. ఆ నూలును ఈ నీళ్ళలో పెట్టగానే రెప్ప వేసేలోపల ఎర్రబడుతుంది, ఇక ఎన్ని చాకిరేవులకు వేసినా పోదు. ఒక్కో నీళ్ళను విడిగా ఏడాది చూసినా అందులో ఎరుపుందని ఎవరికీ తెలియదు. నీ ఆకాశంలో మనిషికి కిరణాలూ తగులుతాయి, పొగా తగులుతుంది అంటున్నావు. ఒకదానికొక డబ్బా పెడుతున్నావు. రెండూ కలిసి తగిలే డబ్బా ఏది?

తప్పయితే నవ్వుకో. ఆషాఢంలో వస్తాను.

మీ బావ,
సీతారాములు


మహబూబ్‌నగర్,
10 సెప్టెంబర్ 1961

బావా,

నీ సందేహానికి నవ్వలేదు. ఆ రోజంతా దాన్నే పట్టుకుని తిరిగాను. పదిహేనేళ్ళు సైన్సు చదివి చెప్పినవాడికి తట్టనిది నీకు తట్టింది. నీ పేరు మీదే నాలుగో డబ్బా చేయించాను. అందులోని మూడింటికి ఆదివారం ఎక్స్‌రే, బుధవారం పొగ. మొదలుపెట్టి ఆరు వారాలయింది. ఎక్స్‌రే డబ్బావి కొంచెం మందకొడిగా ఉన్నాయి. పొగ డబ్బావి తుమ్మి తుమ్మి తేరుకుంటాయి. నాలుగో డబ్బా సంగతి ఇంకా తేలలేదు, తేలాక రాస్తాను.

మూడుసార్లు వెలుగు పెట్టించుకునేసరికి నీ చేతుల మీద పొట్టు రాలిపోయి కొత్త చర్మం వచ్చింది, చూసుకున్నావు కదా. పోయినసారి నువ్వు బస్సెక్కుతూ నా బుగ్గ గిల్లావు. ముప్పై రెండేళ్ళవాడి బుగ్గ, బస్టాండులో, నా విద్యార్థుల ముందు. నొప్పి తెలియలేదు, అంత నునుపుగా ఉన్నాయి వేళ్ళు. బాలస్వామి ఇంకో నాలుగు విడతలు చాలంటున్నాడు. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. అక్కకు ఒక మంచి పని చేశాననిపిస్తోంది.

వెంకటరాజం


గట్టుప్పల,
19 నవంబర్ 1961

వెంకటరాజానికి,

దీపావళి తర్వాత అయిదో వెలుగుకు వచ్చాను. నువ్వు బడిలో ఉన్నావు, బస్సు వేళకు నేను తిరిగి బయల్దేరాను. పక్కింటి జానమ్మ తాళంచెవి ఇచ్చింది. నీ కోసం చూస్తూ ఊరికే కూర్చోలేక ఎలుకలకు గింజలు వేసి, గడ్డి మార్చాను. ఇల్లంతా వాటి వాసనే, నీకు పిల్లనెవరిస్తారు.

చేతులు మీ అక్కకు చూపిస్తే నమ్మలేదు. పగుళ్ళు లేవు, దురద లేదు. ఒక్క కుడి బొటనవేలి మొదట్లో చిన్న పుండు ఉన్నది, మానుతున్నట్టుంటుంది, మానదు. ఫికరేమీ లేదు.

అడగవలసింది ఒకటుంది. బొంబాయి నుంచి సొసైటీకి పెద్ద ఆర్డరు వచ్చింది, అంతా ఎరుపే, ఫాల్గుణం దాకా పని. భిక్షం రోజూ గడప తొక్కుతున్నాడు. "సీతన్నా, నీ చెయ్యి పడకపోతే గా ఎరుపు రాదు. ఇరవై మగ్గాలు నీ గోలెం మీదనే ఉన్నయి" అంటాడు. వెలుగు పెట్టించుకుంటూ గోలెంలో చెయ్యి పెట్టవచ్చునా? నువ్వు చదువుకున్నవాడివి. వద్దంటే వద్దు, సరే అంటే సరే. నువ్వేది రాస్తే అది భిక్షానికి చూపిస్తాను.

నాలుగో డబ్బా సంగతి తేలాక రాస్తానన్నావు. తేలిందా?

మీ బావ


మహబూబ్‌నగర్,
28 జనవరి 1962

ప్రియమైన బావా,

ఆలస్యానికి క్షమించు, ప్రదర్శన పనుల్లో తల ఎత్తలేదు. షీల్డు మన బడికే వచ్చింది! కలెక్టరుగారి భార్య ఎలుకలను చూసి అయ్యో అన్నది, ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టాడు. హైదరాబాదులో జరిగే పెద్ద ప్రదర్శనకు కూడా మా బడి పేరు పంపించారు. ఒక మాసపత్రికవారు వచ్చి రోదసిలో మనిషి క్షేమం గురించి వ్యాసం రాయమన్నారు. నీ బామ్మర్ది పేరు అచ్చులో చూస్తావు.

పని గురించి అడిగావు. చేసుకో. ఏమీ కాదు. ఎక్స్‌రే కొంచెమే, నీ తేజాబు నీళ్ళు నీకు చిన్నప్పటి నుంచి అలవాటే. పని అయ్యాక చేతులు బాగా కడుక్కుని కొబ్బరినూనె రాసుకో. పుండు దానంతటదే మానుతుంది.

అక్కకు నమస్కారాలు. షీల్డు ఫోటో వచ్చాక పంపుతాను.

వెంకటరాజం


గట్టుప్పల,
30 ఏప్రిల్ 1962

వెంకటరాజానికి,

నీ ఉత్తరం భిక్షానికి చూపించాను. ఆర్డరు పూర్తయింది. ఎరుపు బాగా వచ్చిందని బొంబాయివాళ్ళు రాశారట.

ఫోటో చేరింది. డబ్బాలు మూడే ఉన్నాయి. షీల్డు కింద బట్ట కప్పి ఏదో ఉన్నది.

సీతారాములు


మహబూబ్‌నగర్,
15 డిసెంబర్ 1962

బావా,

కార్డే రాస్తున్నాను, తీరిక లేదు. నా వ్యాసం వచ్చిన పత్రిక వేరే పంపాను. హైదరాబాదులో మూడో బహుమతి వచ్చింది. పుండు మానే ఉంటుందని తలుస్తాను.

వెంకటరాజం


గట్టుప్పల,
8 జూలై 1963

వెంకటరాజానికి,

పత్రిక ఎప్పుడో చేరింది, జవాబు ఆలస్యమయింది. "కిరణాలూ హద్దులోనే ఉంటాయి, విషవాయువులూ హద్దులోనే ఉంటాయి, కనుక మనిషి నిర్భయంగా వెళ్ళవచ్చు" అని రాశావు. మీ అక్క దాన్ని ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో పెట్టుకున్నది. ఎవరొచ్చినా తీసి చూపిస్తుంది.

ఇప్పుడు రష్యావాళ్ళు ఒక ఆడమనిషిని పంపారట. మీ అక్క, "గామె తల్లి ఎట్ల పంపిందో" అంటున్నది. నీకు రాయమన్నది, అందుకే రాస్తున్నాను.

పుండు మానలేదు. అంచులు గట్టిపడ్డాయి. బాలస్వామి దగ్గరికి రమ్మని రాయకు.

సీతారాములు


గట్టుప్పల,
11 మార్చి 1964

వెంకటరాజం,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి భయపడకు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో కుడి బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. పుండు రాచపుండయిందట. ఇప్పుడు ప్రాణానికి ఢోకా లేదన్నారు. పెద్ద డాక్టరు, "ఏం పని చేస్తవు? చేతికి ఏమన్న పెట్టించినవా?" అని అడిగాడు. రంగు పని అన్నాను. ఎక్స్‌రే వెలుగు పెట్టించుకున్నానన్నాను. "రెండూ ఒక్కసారే?" అన్నాడు. అవునన్నాను. పక్కనున్న చిన్న డాక్టరు ముఖం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

గోలెంలో చెయ్యి ఇప్పుడు మీ అక్క పెడుతున్నది.

సీతారాములు


మహబూబ్‌నగర్,
2 ఏప్రిల్ 1964

బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలయింది. ఆరు కాగితాలు చింపేశాను. ఇది చింపను, ఏది వచ్చినా ఇలాగే పంపుతాను.

నాలుగో డబ్బా సంగతి 1961 దీపావళికి ముందే తేలింది. ఆ మూడింటి పాదాలు పగిలాయి. ఎక్స్‌రే డబ్బావాటికి పగల్లేదు, పొగ డబ్బావాటికి పగల్లేదు, నాలుగో డబ్బావాటికే పగిలాయి. పగుళ్ళు పుళ్ళయ్యాయి, పుళ్ళు మానలేదు. వీపు మీద బొచ్చు రాలిపోయింది. కార్తీకంలో ఒకటి చచ్చింది, పుష్యంలో ఇంకొకటి. నువ్వు ఆ మాట అడుగుతూ రాసిన ఉత్తరం నా బల్ల మీద ఉండగానే, దాని పక్కనే ఆ డబ్బా ఉంది. రెండు నెలలు రెండూ అలాగే ఉన్నాయి.

బాలస్వామికి చూపించాను. "మాస్టరుగారూ, మూడెలుకలతోని ఏం తేలుతది? గిది బయట పెడితే వెలుగుకు నా దగ్గరికెవడొస్తడు?" అన్నాడు. అతన్ని నిందించడానికి రాయడం లేదు. మిషను ఊరికే వాడుకోనిచ్చినవాడి మాట కాదనలేకపోయాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆకాశానికి పోయిన మనిషి క్షేమంగా ఉన్నాడని చెబితే అందరూ చప్పట్లు కొడతారు. పుళ్ళు పడ్డ ఎలుకలను చూపిస్తే ముఖం తిప్పుకుంటారు. నాకు చప్పట్లు కావలసి వచ్చాయి. మూడెలుకలతో ఏమీ తేలదనే మాట నాకు చాలా నచ్చింది. బతికిన తొమ్మిదింటితో మాత్రం అంతా తేలిపోయినట్టు షీల్డు తీసుకున్నాను.

మిగిలిన ఒక్కదాన్ని ప్రదర్శనకు ముందు రోజు బడి వెనక చెలకలో వదిలేశాను. ఆ కాళ్ళతో అది ఎంత దూరం పోయి ఉంటుంది? డబ్బా కడిగి, బోర్లించి, బట్ట కప్పి షీల్డు దాని మీద పెట్టాను. ఫోటోలో నువ్వు చూసింది అదే. నువ్వు చూశావని రాసినా, దానికి జవాబు రాయలేదు.

నిన్ను పని చేసుకొమ్మని రాసేటప్పుడు నాకు తెలుసు. నీ చెయ్యి నాలుగో డబ్బాలో ఉందని తెలిసే రాశాను. వద్దని రాస్తే ఎందుకు వద్దని నువ్వు అడుగుతావు. అప్పుడు ఎలుకల సంగతి చెప్పాలి. అదొక్కటి తప్పించుకోవడానికి నీ వేళ్ళు తీసుకున్నాను.

ఆ వ్యాసం వచ్చిన పత్రికకు నిన్న ఇంకొక వ్యాసం పంపాను. నాలుగు డబ్బాలూ ఉన్నాయి అందులో. కిరణాన్ని కొలిచేవాడు కిరణాన్నే కొలుస్తాడు, పొగను కొలిచేవాడు పొగనే కొలుస్తాడు, రెండూ కలిసి పడే ఒళ్ళు మాత్రం ఒక్కటే, రాకెట్టులోనైనా రంగు పాకలోనైనా, అని రాశాను. ఈ ప్రశ్న వేసినవాడు గట్టుప్పల రంగు కార్మికుడు సీతారాములు అని రాశాను. వేస్తారో లేదో తెలియదు. షీల్డు హెడ్మాస్టరుకు అప్పగించి ఎందుకో చెప్పాను. ఆయన నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు.

క్షమించమని అడగను. నాకు ఆ ముఖం లేదు. తిట్టు, నాలుగు కాగితాల నిండా తిట్టు.

వెంకటరాజం


గట్టుప్పల,
9 మే 1964

వెంకటరాజం,

తిట్టడానికి ఎడమ చెయ్యి ఇంకా అలవాటు కాలేదు.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. నేను దీపావళి తర్వాత వచ్చి ఎలుకలకు గడ్డి మార్చానని రాశాను కదా. నాలుగు డబ్బాల్లోనూ మార్చాను. నాలుగో దాంట్లో ఒక ఎలుక నా అరచేతిలో కూర్చున్నది. దాని ముందుకాలు చూశాను, నా బొటనవేలు చూసుకున్నాను. రెండు పుళ్ళూ ఒక్క తీరుగా ఉన్నాయి. దాన్ని మెల్లగా గడ్డిలో పెట్టి, తాళం జానమ్మకిచ్చి బస్సెక్కాను. నాకు అంతా అప్పుడే తెలిసింది.

తెలిసినవాడు నిన్నెందుకు అడిగాడంటావా? అదే చెప్పలేక ఇన్నేళ్ళు తిరిగాను. నా అంతట నేను చెయ్యి పెట్టనంటే ఇరవై మగ్గాలు ఆగుతాయి. సీతారాములు ఎలుకను చూసి భయపడ్డాడంటారు. మా నాయిన గోలెం ముందు నాకు వద్దనే నోరు రాలేదు. నువ్వు వద్దని రాస్తే, ఇదిగో, మా బామ్మర్ది సైన్సు మాస్టరు వద్దన్నాడు అని ఆ కాగితం భిక్షం ముందు పెట్టేవాణ్ణి. ఒక్క మాట కోసం అడిగాను వెంకటరాజం. నీ ఉత్తరం వచ్చేదాకా రెండు నెలలు ఏదో ఒక సాకు చెప్పి చెయ్యి పెట్టలేదు. "చేసుకో, ఏమీ కాదు" అని చదివి, ఆ కాగితం భిక్షానికి చూపించి, వెళ్ళి చెయ్యి పెట్టాను.

కాబట్టి వేళ్ళు నువ్వొక్కడివే తీసుకోలేదు. ఇందులో నాకూ సగం ఉన్నది. కానీ నీ సగం నీదే. దాన్ని నేను మొయ్యను.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ముంచు ఒట్టి చేత్తోనే అని మీ అక్కకు నేర్పింది నేనే. వేళ్ళు పోయి పడుకున్నప్పుడు కూడా మంచంలో నుంచి "చెయ్యి పెట్టు, కట్టె వద్దు" అని చెప్పాను. ఇంత జరిగినా నా నోటి నుంచి ఆ మాటే వచ్చింది, సిగ్గుగా ఉన్నది. ఇప్పుడు ఆమె వేళ్ళ సందులు పగిలాయి. నిన్న పొద్దున నా ముందు రెండు చేతులూ చాపి, "నీకు గా వెలుగు పెట్టినంక జర దినాలు చేతులు ఎంత మంచిగైనయి. పుండు నీ తలరాత. నన్ను గూడ తమ్ముని దగ్గరికి తోలుకపో. వాడు డాక్టరుకు చెప్తడు" అన్నది. చీర కూడా సర్దుకున్నది.

ఆమెకు నాలుగో డబ్బా తెలియదు. నేను చెప్పలేదు, నీ ఉత్తరం చూపించలేదు. నీ వ్యాసం ఇంకా పట్టుచీర మడతలోనే ఉన్నది. నేను వద్దంటే, వేళ్ళు పోయినవాడు, భయంతో అంటున్నాడనుకుంటుంది. నీ మాటయితే వింటుంది. ఎందుకు వద్దో చెప్పకపోతే మాత్రం నమ్మదు.

నేను ఒకసారి నిన్ను అడిగాను. ఇప్పుడు ఆమె అడుగుతున్నది. ఏం రాస్తావు?

సీతారాములు


మహబూబ్‌నగర్,
14 మే 1964

అక్కా,

వద్దు.

ఎక్స్‌రే వెలుగుకు రావద్దు. గోలెంలో ఒట్టి చెయ్యి పెట్టవద్దు. చేతులు మానేదాకా రంగుపాకలోకే పోవద్దు. ఆ తర్వాత కట్టెతో ముంచు. ఎరుపు ఎలా వచ్చినా సరే, భిక్షం ఏమన్నా సరే. ఈ ఉత్తరం అతనికి చూపించు.

నువ్వు కండెలు చుడుతుంటే నేను పక్కన కూర్చుని బొగ్గుతో గోడ మీద అక్షరాలు రాసి నీకు నేర్పాను. ఆ అక్షరాలతోనే రాస్తున్నాను, పెద్దవిగా, విడివిడిగా. బావ చేత చదివించుకోకు. నువ్వే చదువు.

నేను ఎలుకలకు ఎక్స్‌రే పెట్టాను. రంగుపొగ కూడా పెట్టాను. రెండూ పెట్టినవాటికి పుళ్ళు పడ్డాయి, చచ్చాయి. ఆ సంగతి దాచి బహుమతి తెచ్చుకున్నాను. బావ పని చేసుకోవచ్చునా అని అడిగాడు. నాకు అంతా తెలుసు. తెలిసి, చేసుకో అని రాశాను. బావ వేళ్ళు తలరాత వల్ల పోలేదు అక్కా. నా వల్ల పోయాయి.

పట్టుచీర మడతలో ఉన్న వ్యాసం అబద్ధం. పొయ్యిలో పెట్టు.

చిన్నప్పుడు నేను తప్పు చేస్తే నువ్వు నన్ను వెనకేసుకొచ్చి నాయిన చేతి దెబ్బలు తినేదానివి. ఈసారి నన్ను వెనకేసుకురాకు.

నీ తమ్ముడు,
వెంకటరాజం


గట్టుప్పల,
12 జూన్ 1964

తమ్మునికి ఉప్పలమ్మ రాసేది.

ఉత్తరం చదివిన. కూడబలుక్కుంట చదివితే రెండు దినాలు పట్టింది. మీ బావను అడగలే. చదివినంక ఆయన పక్కకు పోయి కూసున్న.

నీ పేపరు కాలపెట్టలే. చీరల నుంచి తీసి, నువ్వు రాసిన గీ ఉత్తరం దాని మీద పెట్టి కుట్టిన. రెండు ఒక్కకాన్నే ఉంటయి. ఎవరన్న అడిగితే రెండు చూపిస్త.

దసరాకు వస్తవేమో, రాకు. ఆయన ఎడమ చేతితోని అన్నం తినేది చూసినప్పుడల్ల నువ్వు యాదికొస్తున్నవ్. కోపం తగ్గినంక నేనే రాస్త, గప్పుడు రా. ఎన్ని దినాలకు తగ్గుతదో నాకు ఎరుక లేదు.

నెల దినాలు పాక మొఖం చూడలే. నిన్న పొద్దుగాల కట్టెతోని ముంచిన. మీ బావ నా పక్కన నిలవడి చూసిండు. ఎరుపు జర తక్కువ వచ్చింది. భిక్షం మొఖం మాడ్చుకున్నడు. మాడ్చుకోనీ అన్న.

నా చేతులు మానినయి.

ఉప్పలమ్మ